షుగర్ ఉన్నవాళ్లు వైన్ తాగితే ఏం చూసుకోవాలి?

ముందే ఒక మాట. అలవాటు లేనివాళ్లు "గుండెకు మంచిదట" అని కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. మద్యం ఎంత తక్కువైనా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. గర్భిణులు, లివర్ జబ్బో పాంక్రియాస్ వాపో ఉన్నవాళ్లు, షుగర్ వల్ల కాళ్లు మంటలు, తిమ్మిర్లు పుట్టేవాళ్లు అసలు ముట్టుకోకూడదు. ఎప్పుడో పార్టీలో ఒక గ్లాసు పట్టుకునేవాళ్ల కోసం ఇది.

అందరూ అడిగేది వైన్‌లో చక్కెర ఎంత అని. అసలు భయం అది కాదు, ఆ రాత్రి. మనం నిద్రలో ఉన్నప్పుడు రక్తంలోకి గ్లూకోజ్ వదిలేది లివర్. ఆల్కహాల్ రాగానే లివర్ దాన్ని విరగ్గొట్టే పనిలో పడి, గ్లూకోజ్ తయారీ తగ్గించేస్తుంది. వేసుకున్న మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే పార్టీలో 180 చూపించిన మీటరు తెల్లవారుజామున 60 చూపించవచ్చు. ఈ ముప్పు 24 గంటల దాకా ఉంటుంది.

1. మాత్రల స్ట్రిప్ తిప్పి చదవండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి పేరుంటే, లేదా ఇన్సులిన్ వాడుతుంటే, పైన చెప్పిన ముప్పు మీకే. ఉత్త మెట్‌ఫార్మిన్‌తో షుగర్ పడిపోవడం అరుదు, కానీ అతిగా తాగితే రక్తంలో లాక్టిక్ ఆసిడ్ ప్రమాదకరంగా పేరుకోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రతో కీటోన్ల (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆసిడ్ల) ప్రమాదం వేరే. డాక్టర్ "అలవాట్లున్నాయా?" అంటే పక్కన భార్య ఉందని తల అడ్డంగా ఊపేవాళ్లు చాలామంది. అక్కడ నిజం చెప్పండి.

2. ఇంట్లో ఒకసారి కొలిచి చూడండి. కొలత కప్పుతో 150 మి.లీ. నీళ్లు మీ వైన్ గ్లాసులో పోయండి. సగం కూడా నిండదు. ఒక డ్రింక్ అంటే అంతే. ఆడవాళ్లకు రోజుకు ఒకటి, మగవాళ్లకు రెండు దాటకూడదు.

3. డ్రై వైన్, అంటే తీపి లేనిది, తీసుకోండి. అందులో చక్కెర గ్లాసుకు ఒక గ్రాము అటూ ఇటూ. గోవా నుంచి తెచ్చే తియ్యటి పోర్ట్ వైన్ దాదాపు పానకమే. (మన వైన్ షాపుల్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి, అది వేరే సంగతి.)

4. ఖాళీ కడుపుతో వద్దు. వైన్ తాగాం కదా అని అన్నం, చపాతీ మానేయడమే పెద్ద పొరపాటు. భోజనంతో పాటు మెల్లగా తాగండి. షుగర్ ఎక్కువ చూపించిందని ఆ రాత్రి అదనంగా ఇన్సులిన్ వేసుకోకండి.

5. పడుకునే ముందు వేలు గుచ్చి చూడండి. 100 కన్నా తక్కువుంటే ఏదైనా తిని పడుకోండి. పొద్దున్నే మళ్లీ చూసుకోండి.

6. పక్కవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. షుగర్ పడిపోతే చెమటలు, తూలడం, మాట తడబడటం. చూసేవాళ్లు "ఎక్కువైంది, పడుకోనీ" అనుకుంటారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. మీటరు 70 లోపుంటే మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. తాగి ఉన్నప్పుడు, పడిపోయిన షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ సరిగా పనిచేయకపోవచ్చు. షుగర్ ఉందని, వైన్ తాగారని అంబులెన్స్‌వాళ్లకు రెండూ చెప్పాలి.