గాబరా అయినప్పుడు దమ్ము ఎట్ల తీస్కోవాలె, మనసుల ఏం తెచ్చుకోవాలె

ఎవలికన్నా గాబరా అయితే పక్కనోళ్లు ఫస్ట్ చెప్పే మాట "గట్టిగ ఊపిరి పీల్చుకో" అని. నన్నడిగితే సగం పరేషాన్ అక్కడ్నే పెరుగుతది. ఎందుకంటే గాబరాల మనిషి అప్పటికే మస్తు స్పీడ్‌గ పీలుస్తుంటడు, ఇంకా గట్టిగ పీల్చమంటే ఒంట్ల కార్బన్ డయాక్సైడ్ తక్కువైతది, దానితోని వేళ్లు తిమ్మిరెక్కుతయి, మూతి చుట్టు చిమచిమలాడుతది, కండ్లు తిరిగినట్టైతది, ఇగ అది చూసి నాకేమో అయితుందని ఇంకింత భయం. పీల్చుడు కాదు, ఇడుసుడు ముఖ్యం.

ఊపిరి పీల్చేటప్పుడు గుండె జర స్పీడ్ అయితది, ఇడిసేటప్పుడు జర స్లో అయితది. ఇది అందరికి ఉండేదే, మణికట్టు మీద నాడి పట్టుకుని చూస్తె చాలామందికి తెలుస్తది. మెదడు నుంచి గుండెకు, కడుపుకు పోయే వేగస్ నరం ఒకటుంటది, ఇడిసేటప్పుడు దాని పని ఎక్కువై గుండెను నెమ్మది చేస్తది. అందుకే ఇడిసే టైం ఎక్కువ పెట్టుకోవాలె.

కుర్చీల కూసోండ్రి, పాదాలు నేలకు ఆనాలె. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి కడుపు మీద పెట్టుండ్రి, కడుపు మీది చెయ్యే లేవాలె, పైది ఎక్కువ కదలొద్దు. ముక్కుతోని నాలుగు లెక్కపెట్టేదాక పీల్చి, వేడి చాయ్ ఊదినట్టు సన్నగ ఆరు లెక్కపెట్టేదాక ఇడువుండ్రి. మొత్తం పది సెకండ్లు, అంటే నిమిషానికి ఆరు సార్లు, మామూలుగ మనం 12 నుంచి 20 సార్లు తీస్కుంటం. గాబరాల ఉన్నోళ్లు లెక్క కూడ ఉరికిస్తరు, అందుకని గోడ గడియారంల సెకండ్ల ముల్లు చూసుకుంట చేస్తె బెటర్. ఆరు కష్టమైతే మూడు పీల్చి నాలుగు ఇడువుండ్రి, అంతే, పోటీ ఏం లేదు. ఐదు నిమిషాలు చాలు.

ఇంకొకటుంది, ఇది నాకు మస్తు ఇష్టం. బాగ ఏడ్చినంక చిన్నపిల్లలు రెండు సార్లు ఎగబీల్చి ఒక్కసారి పొడుగ్గ ఇడుస్తరు చూడుండ్రి, అచ్చం అదే. ముక్కుతోని ఒక దమ్ము, దాని మీద ఇంకో చిన్న దమ్ము, తర్వాత నోటితోని మెల్లగ మొత్తం ఇడుసుడు. అమెరికాల స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 2023ల ఒక స్టడీ ఇచ్చిండ్రు, నెల రోజులు రోజుకు ఐదు నిమిషాలు ఇట్ల చేసినోళ్లకు ధ్యానం చేసినోళ్లకంటే మూడ్ ఎక్కువ మెరుగైందట.

యూట్యూబ్‌ల 4-7-8 అని, బాక్స్ బ్రీతింగ్ అని ఊపిరి బిగపట్టేవి చూపిస్తరు. ఆస్తమా ఉన్నోళ్లు, బీపీ ఉన్నోళ్లు, కడుపుతోని ఉన్న ఆడోళ్లు బిగపట్టుడు జోలికి పోవద్దు. కపాలభాతి అసుంటి స్పీడ్‌వి గాబరా టైంల అస్సలు వద్దు, భ్రామరి అయితే ఓకే, గుయ్యిమని అనుకుంట ఇడుసుడు దానంతటదే పొడుగైతది. కాగితం సంచిల ఊపిరి తీసుడు పాత సలహా, అది ఇడిసిపెట్టుండ్రి.

ఇగ మనసుల తెచ్చుకునే బొమ్మ సంగతి. దమ్ము కొంచెం కుదిరినంకనే ఇది, ముందుగాల కాదు. యాప్‌లల్ల ఇంగ్లీష్ గొంతు ఒకటి బీచ్‌ల ఇసుక మీద నడుస్తున్నవ్ అంటది. వరంగల్ల ఉన్నోనికి బీచ్ ఏడున్నది, మనసు అటు పోనే పోదు. మీరు పోయిన జాగ, ఒంటికి యాదున్న జాగ కావాలె. నేనైతే రామప్ప చెప్త, పదమూడో శతాబ్దంల కట్టిన గుడి, 2021ల యునెస్కో లిస్టుల ఎక్కినంక జనం పెరిగిండ్రు గని పొద్దు పొద్దున పోతే ఇప్పటికీ సల్లగుంటది. పాకాల చెరువు కట్ట కూడ మంచిదే. లక్నవరం చెరువు అయితే కట్ట మీద నిలవడుండ్రి, ఊగే బ్రిడ్జి మీదికి పోవద్దు, గాబరా ఉన్నోనికి ఊగుడెందుకు! మేడారం జాతర మొక్కుకు మంచిది, ఈ పనికి కాదు. ఊళ్లె యాపచెట్టు కింద నులక మంచమైనా సరే. కాకపోతే లొల్లి అయిన జాగ, సచ్చిపోయినోళ్లు యాదికొచ్చే జాగ తీస్కోవద్దు.

మొదట కండ్లతోని చూడాలని కూసుంటే చాలామందికి ఏం కనవడది, నాకు రాదని లేస్తరు. ఒంటితోని మొదలువెట్టుండ్రి: పాదం కింద ఏముంది, సల్లగున్నదా, గరుకుగున్నదా. తర్వాత చప్పుడు, తర్వాత వాసన, బొమ్మ లాస్టుకు వస్తె వచ్చింది లేకుంటే లేదు.

మంచి పని ఏందంటే మీ ఫోన్ల మీరే రికార్డ్ చేసుకోవచ్చు, మన మాటలనే. ఇట్ల: "చెప్పులు ఇడిసినవ్. బండ మీద కాలు పెట్టినవ్, సల్లగ తాకింది. మెల్లగ ఇడువు. నల్లటి స్తంభం మీద చెయ్యి ఆనిచ్చినవ్, నున్నగున్నది. మెల్లగ ఇడువు. దూరంగ పిట్ట ఒర్రుతున్నది. నీకు ఇప్పుడు ఏడికి పోయే పని లేదు." ఒక్కో మాటకు నడుమ రెండు దమ్ముల జాగ ఇయ్యుండ్రి, ఏడెనిమిది నిమిషాలు చాలు. మీ గొంతు మీకు నచ్చకుంటే అమ్మతోనో అక్కతోనో చదివియ్యుండ్రి. ఆఖర్ల ఐదు నుంచి ఒకటి దాక లెక్కపెట్టి, కాలివేళ్లు కదిలిచ్చి కండ్లు తెరవాలె. బండి నడిపేటప్పుడు మాత్రం వినొద్దు.

కొందరికి కండ్లు మూస్తేనే పాత సంగతులు మీదికొస్తయి. వాళ్లు మూయొద్దు, గచ్చు మీద ఒక టైల్ చూసుకుంట దమ్ము మాత్రమే చేయుండ్రి.

ఛాతీల బరువు, ఎడమ చెయ్యికో దవడకో నొప్పి పాకుడు, చెమటలు ఉంటే ఇదంతా పక్కకు పెట్టి 108కి కొట్టుండ్రి. వారాల తరబడి నిద్ర, తిండి, పని చెడగొడుతుంటే డాక్టర్‌కు చూపెట్టుండ్రి, లేకుంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయుండ్రి, 2022ల మొదలువెట్టిండ్రు, ఫ్రీ, తెలుగుల కూడ మాట్లాడ్తరు. వాడే గోలీలు సొంతంగ బంద్ చేయొద్దు.

రోజూ పండుకునే ముందు బాగున్నప్పుడే చేస్కుంట ఉండాలె, అవసరానికి అప్పుడే అందుతది. గ్రూప్స్ రాసేటోళ్లు ఎగ్జామ్ హాల్ల కండ్లు మూసే పని లేదు: పేపర్ చేతికొచ్చినంక రెండు సార్లు ఎగబీల్చి ఇడుసుడు మూడు మార్లు, అరికాలు కింద ఆ సల్లటి బండను ఒక్కసారి యాదికి తెచ్చుకోండ్రి, అటెన్క మీకు బాగొచ్చిన ప్రశ్న కాడ పెన్ను పెట్టుండ్రి.