గెస్ట్‌కి గంట కొట్టడం ఎలా: హైపర్‌వైజర్‌లో ఇంటరప్ట్ కంట్రోలర్ రాసే పద్ధతి

మా నాన్న నౌపడా–గుణుపురం లైన్లో గేట్‌మన్‌గా చేశారు, ఇంకా నేరో గేజ్ బండి తిరిగే రోజుల్లో. గేటు గదిలో ఒక ఫోను, ఒక రిజిస్టరు, రెండు జెండాలు ఉండేవి. ఫోను మోగితే ఒక గడిలో రాసేవారు. గేటు వేశాక ఇంకో గడిలో, బండి దాటాక మూడో గడిలో. "ఫోను వచ్చిందంటే గేటు వేస్తావు కదా, ఒక్క గడి చాలదా?" అని అడిగితే "ఈ బండి దాటకుండానే అటునుంచి ఇంకో ఫోను వస్తే ఎక్కడ రాస్తావురా?" అన్నారు. ఇంటరప్ట్ కంట్రోలర్ (డివైస్‌ల పిలుపుల్ని ప్రాసెసర్‌కి అందించేది) రాయడంలో సగం కష్టం ఆ గడులు కలిపేయడం వల్లే వస్తుందని నాకు ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

మాది పర్లాకిమిడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కోడ్‌లో ఇంగ్లీషు. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతూ లైనక్స్ కెర్నెల్ మాడ్యూల్‌గా చిన్న హైపర్‌వైజర్ రాస్తున్నాడు, అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం. లోపల నడిచేది గెస్ట్, బయటిది హోస్ట్. మొన్న ఫోన్ చేసి "మావయ్యా, గెస్ట్ బూట్ అవుతోంది గానీ టైమర్ ఒక్కసారి కొట్టి ఆగిపోతోంది" అన్నాడు. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ వరసగా పెడుతున్నాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, కాబట్టి వాడుక మాటలే వాడతాను.

ముందు 8259 అనే పాత ఇంటరప్ట్ కంట్రోలర్ చిప్‌తో మొదలుపెట్టండి, దాని తర్వాత వచ్చిన ఏపిక్ జోలికి తొందరపడి వెళ్లకండి. పాతకాలపు చిప్ ఎందుకని అనిపిస్తుంది కానీ బయాస్ (మెషీన్ ఆన్ కాగానే నడిచే మొదటి ప్రోగ్రాం) నిద్రలేవగానే వెతికేది దీన్నే. పైగా చిన్నది, మొత్తం బుర్రలో పడుతుంది. దీన్ని యూజర్‌స్పేస్‌లో, అంటే కెర్నెల్ బయట మామూలు ప్రోగ్రాంగా రాసినా పనిచేస్తుంది. కానీ గెస్ట్ ప్రతి ఇంటరప్ట్ చివర పని అయిపోయిందని చెప్పడానికి ఈఓఐ అని ఒక పోర్ట్ రాత రాస్తుంది, ఆ రాత రాసిన ప్రతిసారీ కెర్నెల్ దాటి పైకి వెళ్లి మళ్లీ కిందకి రావాలి. డిస్కు, నెట్‌వర్కు జోరుగా నడుస్తుంటే ఆ రాకపోకలకే ప్రాసెసర్ అలసిపోతుంది. లైనక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎమ్ కూడా అందుకే ఈ చిప్‌ని కెర్నెల్‌లో పెట్టుకుంది.

పీసీలో 8259లు రెండు. పెద్దది హెక్స్ 20, 21 పోర్టుల మీద, చిన్నది ఏ0, ఏ1 మీద ఉంటాయి. చిన్నదాని తీగ పెద్దదాని 2వ కాలికి కట్టి ఉంటుంది. ఒక్కో చిప్‌కి ఒక స్ట్రక్చర్ రాసుకోండి. అందులో మూడు ముఖ్యమైన బైట్లు: ఐఆర్‌ఆర్ అంటే ఎవరెవరు పిలిచారు, ఐఎస్‌ఆర్ అంటే ఎవరి పని నడుస్తోంది, ఐఎమ్‌ఆర్ అంటే ఎవరి నోరు మూసి ఉంది. మా నాన్న గడులే అనుకోండి. వీటికి తోడు నాలుగో బైటు ఒకటి తప్పకుండా పెట్టండి: తీగ కిందటిసారి పైన ఉందా కింద ఉందా అని. ఇది చిప్ మాన్యువల్‌లో రిజిస్టర్‌గా కనబడదు కాబట్టి చాలామంది మర్చిపోతారు. మావాడూ మర్చిపోయాడు.

గెస్ట్ చేసే సెటప్ వరస ఇది. హెక్స్ 20కి రాసిన విలువలో 4వ బిట్ ఉంటే మొదటి నుంచి మొదలు అని అర్థం. ఐఎమ్‌ఆర్, ఐఎస్‌ఆర్ తుడిచేసి తర్వాతి రాతల కోసం ఎదురుచూడండి. ఆ రాతలు 21 మీద వస్తాయి: మొదట వెక్టర్ ఆధారం (ప్రాసెసర్‌కి ఇచ్చే ఇంటరప్ట్ నంబర్లు ఎక్కడ మొదలవుతాయో), తర్వాత ఏ కాలికి ఏది కట్టి ఉందో, మొదటి రాతలో 0వ బిట్ ఉంటే చివరగా మోడ్. ఆ వరస అయిపోయాక 21కి ఏం రాసినా అది ఐఎమ్‌ఆర్. బయాస్ పెద్దదాన్ని 8 దగ్గర పెడుతుంది, లైనక్స్ వచ్చి హెక్స్ 30కి జరుపుతుంది. మొదటి 32 వెక్టర్లు ప్రాసెసర్ తన ఎక్సెప్షన్లకి అట్టేపెట్టుకుంది కాబట్టి ఆ జరపడం తప్పదు. ఇదంతా ఒక స్విచ్ కేస్, ఒక సాయంత్రం పని.

అసలు కథ తీగ దగ్గర ఉంది. ఎడ్జ్ అంటే పాలబ్బాయి సైకిల్ బెల్ ఒక్కసారి కొట్టి వెళ్లిపోవడం. లెవెల్ అంటే తలుపు తీసి గిన్నె అందించేదాకా కాలింగ్ బెల్ మీంచి వేలు తియ్యకపోవడం. ఎడ్జ్ అయితే తీగ కింద నుంచి పైకి వచ్చిన క్షణంలోనే ఐఆర్‌ఆర్ బిట్ వెయ్యాలి. అప్పటికే పైన ఉన్న తీగని మళ్లీ "పైన" అంటే ఏమీ చెయ్యకూడదు. లెవెల్ అయితే తీగ పైన ఉంటే ఐఆర్‌ఆర్ ఉంటుంది, దిగితే పోతుంది. ఏ కాలు ఏ రకమో చెప్పే రిజిస్టర్ హెక్స్ 4డీ0, 4డీ1 పోర్టుల్లో ఉంటుంది. మావాడి టైమర్ జబ్బు ఇక్కడే: తీగని పైకి లేపాడు, దించలేదు. గెస్ట్ మొదటి టిక్ అందుకుంది, తర్వాత ఎడ్జ్ అన్నదే లేదు. టైమర్ కొట్టిన ప్రతిసారీ లేపి దించమని చెప్పాను, ఐదు నిమిషాల్లో మెసేజ్ పెట్టాడు, నడుస్తోందని.

ఇప్పుడు ఇంటరప్ట్‌ని గెస్ట్‌లోకి పంపే చోటు. ఇక్కడ నిదానంగా చదవండి. వీసీపీయూ (గెస్ట్‌కి చూపించే ప్రాసెసర్) గెస్ట్‌లోకి దూకే ముందు, హోస్ట్ ఇంటరప్ట్స్ ఆపేసి, ఐఆర్‌ఆర్‌లో మాస్క్ లేనివాటిలో ప్రాధాన్యంలో అందరికంటే పెద్దది ఏదో చూస్తాం. ఐఎస్‌ఆర్‌లో దానికి సమానమైనదో అంతకంటే పెద్దదో నడుస్తుంటే ఆగాలి. ఎవరూ అడ్డం లేకపోతే గెస్ట్ ఫ్లాగ్స్‌లో ఐఎఫ్ (ఇంటరప్ట్స్ తీసుకుంటాననే బిట్) ఉందా, ఎస్‌టీఐ నీడలో (ఆ బిట్ వేసిన వెంటనే వచ్చే ఒక్క ఇన్‌స్ట్రక్షన్) ఉందా చూడాలి. ఇంటరప్ట్ తీసుకునే స్థితిలో గెస్ట్ లేకపోతే, ఇంటెల్ మీద అయితే, ఇంటరప్ట్ విండో ఎగ్జిట్ (గెస్ట్ తీసుకోగలిగిన క్షణంలో హైపర్‌వైజర్‌కి తిరిగి రావడం) కావాలని బిట్ పెట్టి దూకండి. అది తెరుచుకోగానే ఎగ్జిట్ వస్తుంది, అప్పుడు పంపండి.

అప్పటిదాకా అక్‌నాలెడ్జ్ చెయ్యకండి. ఐఆర్‌ఆర్ నుంచి ఐఎస్‌ఆర్‌కి బిట్ జరపడం ఇంజెక్ట్ చేసే ఆ క్షణంలోనే జరగాలి. ముందే జరిపేస్తే ఈలోగా గెస్ట్ దాన్ని మాస్క్ చేసినా, ఇంకా పెద్దది వచ్చినా వెనక్కి తీసుకోలేరు. జరిపేటప్పుడు ఎడ్జ్ అయితే ఐఆర్‌ఆర్ బిట్ తీసేయాలి. లెవెల్ అయితే తియ్యకండి, తీగ దిగినప్పుడు అదే పోతుంది.

ఇంజెక్ట్ చేశాక కూడా పని అయిపోలేదు. వెక్టర్ అందించే మధ్యలో గెస్ట్ స్టాక్ పేజీ ఈపీటీలో (గెస్ట్ మెమరీని హోస్ట్ మెమరీకి కలిపే పట్టిక) లేక ఎగ్జిట్ అయితే, ఇంటరప్ట్ సగంలో ఆగినట్టు ఐడీటీ వెక్టరింగ్ ఫీల్డ్ చెబుతుంది. దాన్ని చూసి తర్వాతి ఎంట్రీలో మళ్లీ పెట్టాలి. చూడకపోతే ఐఎస్‌ఆర్ బిట్ పడి ఉంటుంది, గెస్ట్ హ్యాండ్లర్ మాత్రం నడవలేదు, నడవలేదు కాబట్టి ఈఓఐ రాదు, దాని కిందివాళ్లందరూ క్యూలో నిలబడి ఉంటారు. పది గంటలు బాగానే నడిచి పదకొండో గంటలో గెస్ట్ పడుకుందంటే నా మొదటి అనుమానం ఇదే.

2018లో నేను దెబ్బతిన్నది మాత్రం వేరే దాని మీద. డిస్కు, నెట్‌వర్కు రెండూ 11వ తీగ మీదే ఉన్నాయి, లెవెల్. పెద్ద ఫైల్ దింపుతుంటే డిస్కు ఉన్నట్టుండి కదలడం లేదు. మూడు రాత్రులు లాగ్‌లు చూశాను. ఈలోగా అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మా జిల్లా అంతా అల్లకల్లోలం. మా వీధిలో వారం పైనే కరెంటు లేదు, ఇన్వర్టర్ మొదటి రోజే చేతులెత్తేసింది. చేసేదేం లేక నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ఎవరు ఎప్పుడు తీగ లేపారు, ఎవరు దించారు అని గడులు గీసుకుంటూ కూర్చున్నాను. నాలుగో వరసలో దొరికింది. డిస్కు తీగ లేపింది, నెట్‌వర్కు కూడా లేపింది. నెట్‌వర్కు పని అయ్యాక అది దించింది, నా కోడ్ తీగని 0 చేసింది. డిస్కు వేలు ఇంకా బెల్ మీదే ఉంది, వినేవాడు లేడు. కాగితం మీద పది నిమిషాల్లో కనబడింది, స్క్రీన్ మీద మూడు రాత్రులు కనబడలేదు.

మందు చిన్నదే. ఒక్కో తీగకి ఒక బిట్ కాకుండా ఒక వర్డ్ పెట్టండి, అందులో ఒక్కో డివైస్‌కి ఒక్కో బిట్. ఎవరైనా లేపితే వాళ్ల బిట్ వెయ్యండి, దించితే వాళ్ల బిట్టే తీయండి. వర్డ్ మొత్తం 0 అయితేనే తీగ కింద ఉన్నట్టు.

లాక్ సంగతి. తీగ లేపే ఫంక్షన్‌ని హోస్ట్ ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా పిలవొచ్చు, కాబట్టి ఇంటరప్ట్స్ ఆపే స్పిన్‌లాకే వాడండి, మ్యూటెక్స్ నిద్రపోతుంది కాబట్టి పనికిరాదు. బిట్ వేశాక వీసీపీయూని తట్టి లేపాలి: హాల్ట్‌లో పడుకుని ఉంటే వేక్ చెయ్యాలి, గెస్ట్‌లో పరుగెడుతుంటే ఐపీఐ (ఒక ప్రాసెసర్ ఇంకో ప్రాసెసర్‌కి పంపే ఇంటరప్ట్) కొట్టి బయటికి రప్పించాలి. వీసీపీయూ వైపు "నేను లోపలికి వెళ్తున్నాను" అని ఫ్లాగ్ ముందు వేసి, మెమరీ బ్యారియర్ పెట్టి, ఆ తర్వాత ఐఆర్‌ఆర్ చూడాలి. వరస తిరగబడితే చూసిన తర్వాత, దూకే ముందు వచ్చిన ఇంటరప్ట్ ఇంకో ఎగ్జిట్ దాకా ఎవరికీ పట్టదు.

ఇది నిలబడ్డాక డివైస్‌ల తీగలు కలిసే ఐఓ ఏపిక్‌కి వెళ్లండి. హెక్స్ ఎఫ్ఈసీ00000 దగ్గర ఒక ఇండెక్స్ కిటికీ, దాని వెనక 24 ఎంట్రీలు, ఒక్కోటి 64 బిట్లు. కొత్త సంగతి రిమోట్ ఐఆర్‌ఆర్ ఒక్కటే: లెవెల్ ఇంటరప్ట్ పంపగానే 14వ బిట్ వేస్తాం, ఒక్కో ప్రాసెసర్‌కి ఉండే లోకల్ ఏపిక్ నుంచి ఆ వెక్టర్ ఈఓఐ రాగానే తీస్తాం, అప్పటికీ తీగ పైనే ఉంటే మళ్లీ పంపుతాం. హ్యాండ్లర్ సరిగ్గా లేని గెస్ట్ అయితే ఈ "మళ్లీ పంపుతాం" ఆగకుండా తిరుగుతుంది. కేవీఎమ్ వరసగా 10,000 సార్లు అయితే కాస్త ఊపిరి పీల్చుకుని పంపుతుంది, మీరూ అలాంటిదేదో పెట్టుకోండి. లోకల్ ఏపిక్‌లో 256 వెక్టర్లకి అవే గడులు, 32 బిట్ల ముక్కలు ఎనిమిదేసి చొప్పున.

సరిచూసుకోవడానికి గెస్ట్‌లో ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైల్ తెరవండి. అడుగున ఈఆర్‌ఆర్ అని ఒక లెక్క ఉంటుంది. 8259 మీద స్పూరియస్ వస్తే అది పెరుగుతుంది, అంటే ఐఆర్‌ఆర్‌లో బిట్ ఉందని మీరు గెస్ట్‌ని పిలిచి, తీరా అక్‌నాలెడ్జ్ చేసే సమయానికి బిట్ లేక 7వ నంబర్ ఇచ్చారన్నమాట. మావాడికి మొదట నిమిషానికి నలభై వచ్చేవి, చూసే చోట, అక్‌నాలెడ్జ్ చేసే చోట వేర్వేరుగా లాక్ వేసి తీస్తున్నాడు. రెండూ ఒకే లాక్ కిందకి తెచ్చాక 0 దగ్గర నిలబడింది. నిన్న రాత్రి మళ్లీ ఫోన్, ఐఓ ఏపిక్ పెడితే టైమర్ కనబడట్లేదని గెస్ట్ గోల పెడుతోందట. పీసీలో 0వ ఇంటరప్ట్ ఐఓ ఏపిక్ 2వ కాలికి వస్తుంది, ఆ మాట ఏసీపీఐ టేబుల్‌లో (గెస్ట్‌కి హార్డ్‌వేర్ వివరాలు చెప్పే పట్టిక) రాశావా అని అడిగాను. "ఒక్క నిమిషం మావయ్యా" అని పెట్టేశాడు.