పాత కారులో స్పీడోమీటరు కేబులు చప్పుడు చేస్తుంటే ఎలా బాగుచేసుకోవాలి?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మారుతి 800 వంటి కార్లలో గేర్‌బాక్సు నుంచి మీటరు దాకా ఒక తొడుగు లోపల సన్నని ఉక్కు తీగ తిరుగుతూ ఉంటుంది. అది మీటరులోని అయస్కాంతాన్ని తిప్పితే, ఆ అయస్కాంతం పక్కనున్న అల్యూమినియం గిన్నెను తనతో లాగబోతుంది, సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టుకుంటుంది; ఆ పెనుగులాటలో ముల్లు నిలిచిన చోటే మనకు కనిపించే వేగం. తొడుగులో గ్రీజు ఎండితే తీగ ఒకచోట పట్టుకొని ఒక్కసారిగా వదులుతుంది కాబట్టి టిక్‌టిక్‌మనే చప్పుడుతో పాటు ముల్లు కూడా ఊగుతుంది.

ముందుగా ఖాళీగా ఉన్న సమతలపు రోడ్డు మీద (గువ్వలచెరువు ఘాటు లాంటి కొండదారి మీద మాత్రం కాదు) 40 కిలోమీటర్ల వేగం అందుకొని క్లచ్ తొక్కండి. ఇంజను నెమ్మదించినా చప్పుడు మారక, బండి వేగంతో పాటే తగ్గుతూ వస్తే కేబులునో మీటరునో అనుమానించవచ్చు. తర్వాత మీటరు వెనుక కేబులు విప్పి, దాని కొనను వైర్లకు తగలకుండా కట్టి, మళ్లీ నెమ్మదిగా నడపండి. చప్పుడు పోతే లోపం చాలావరకు మీటరుది. అలాగే ఉంటే కేబులుది కావచ్చు, చక్రాల బేరింగులదీ కావచ్చు.

ఈ పరీక్ష చేయకుండా డబ్బు ఖర్చు పెట్టకండి. మా కారు కీచుమంటుంటే ఒక మెకానిక్ మీటరే మార్చాలన్నాడు. తీరా తీగ బయటికి లాగి తుడిస్తే గుడ్డ నిండా తుప్పు పొడి అంటింది, గ్రీజు జాడే లేదు.

తీగ ఊడివచ్చే రకమైతే మీటరు వైపు నుంచి మెల్లగా లాగి, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డ పోగులు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ తీగ పురి తెగినట్టే. ఆ తర్వాత నున్నని కడప బండ మీద దాన్ని దొర్లించి చూడండి; తిన్నగా ఉన్న తీగ సాఫీగా దొర్లుతుంది, మెలిక పడినది ఎగిరెగిరి పడుతుంది. పురి తెగినా, మెలిక పడినా, మీటరులోకి దిగే నలుపలకల కొన అరిగి గుండ్రమైనా కొత్త కేబులే వేయాలి. తీగ ఊడిరాని రకానికీ అదే దారి.

తీగ బాగుంటే లిథియం గ్రీజు పలుచగా పట్టించండి. మీటరు వైపు కొన దగ్గర సుమారు 15 సెంటీమీటర్లు పొడిగా వదలాలి. అందరూ తప్పుచేసేది ఇక్కడే: తిరిగే తీగ గ్రీజును పైకి ఎక్కిస్తుంది, అది మీటరులో చేరితే ముల్లు మొరాయిస్తుంది. తొడుగులో గేర్ ఆయిలు కనిపిస్తే గేర్‌బాక్సు దగ్గరి ఆయిల్ సీలు పోయిందని అర్థం. ముందు దాన్ని మార్చండి.

తిరిగి బిగించేటప్పుడు తొడుగు ఎక్కడా గట్టిగా వంగకూడదు. ఇంజను గది గోడలోని రబ్బరు వలయం గుండానే తేవాలి. బిగించాక ముల్లు అసలే కదలకపోతే కంగారు అక్కర్లేదు, నలుపలకల కొన గాడిలో కూర్చోలేదన్నమాట. తీగను వేళ్లతో కాస్త తిప్పుతూ నెడితే దిగుతుంది.