తాతగారి కీ వాచీని నడిపించానిలా

తాతగారి కీ వాచీ నా చేతికొచ్చేసరికి ఊపితే కాసేపు నడిచి ఆగిపోయేది. స్ప్రింగు తెగిందన్నారు ఇంట్లో. తెగి ఉంటే కీ అంతులేకుండా తిరుగుతూనే ఉండాలి. ఇది ఇచ్చేకొద్దీ బిగుస్తోంది, అంటే స్ప్రింగు బాగానే ఉంది. అసలు గొడవ లోపల ఎండిపోయిన నూనె. పైనుంచి ఇంకో చుక్క వేస్తే పాత జిడ్డుతో కలిసి మరింత పాడవుతుంది. మెకానిక్ మొత్తం విప్పి, కడిగి, ఇరుసులు ఆనే చోట సూదిమొనంత నూనె పెట్టాడు.

నడిచింది, కానీ గంటగంటకూ ముందుకు పరుగు! దిక్సూచి పక్కన పెడితే దాని ముల్లు గిలగిల్లాడింది. అయస్కాంతం పట్టిందన్నమాట. వాచీ వేగాన్ని అదుపు చేసే, వెంట్రుకంత సన్నటి హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే దాని పొడవు తగ్గినట్టవుతుంది, అందుకే ఆ తొందర. అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీమాగ్నెటైజర్ మీద పెట్టి, బటన్ నొక్కి, వదలకుండానే మెల్లగా పైకెత్తితే దారికొచ్చింది. ఇప్పుడు అయస్కాంతాలుండే స్పీకర్ల దగ్గర పెట్టను.

అద్దం ప్లాస్టిక్‌ది, పాలిష్ పేస్టుతో గీతలు పోయాయి. డయల్‌కి కొత్త రంగు మాత్రం వద్దన్నాను. పసుపెక్కిన ఆ ముఖమే నాకిష్టం. పైగా 1960లకు ముందు వాచీల్లో చీకట్లో మెరిసే అంకెలకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం వాడేవారు, గీకితే ఆ పొడి ప్రమాదం.

రోజూ పొద్దున్నే కీ ఇస్తాను. చేతులు కడిగేటప్పుడు తీసేస్తాను, పాత రబ్బరు సీలును నమ్మలేం.