హా జాంగ్ బక్‌వీట్ పూల ఊళ్లకు వెళ్లాలంటే

వియత్నాం ఉత్తర కొసన, చైనా సరిహద్దును ఆనుకుని, హా జాంగ్ ప్రాంతంలో డోంగ్ వాన్ రాతి పీఠభూమి ఉంది. ఎటు చూసినా నల్లటి సున్నపురాయి కొండలే. రాళ్ల సందుల్లో ఉన్న పిడికెడు మట్టిలో, ఒక్కోచోట బుట్టలతో మోసి పోసిన మట్టిలో, హ్మోంగ్ తెగ రైతులు మొక్కజొన్న వేస్తారు. ఆ కోత అయ్యాక బక్‌వీట్ చల్లుతారు. అక్టోబరు వచ్చేసరికి ఆ రాళ్ల మధ్య తెల్లగా, గులాబీగా పూత పరుచుకుంటుంది.

పేరులో వీట్ ఉన్నా దీనికి గోధుమతో చుట్టరికం లేదు. ఇది మన చుక్కకూర కుటుంబం మొక్క. ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టు పిండి దీనిదే. వియత్నాంలో దీన్ని తామ్ జాక్ మాక్ అంటారు. తామ్ జాక్ అంటే త్రిభుజం. గింజను వేళ్ల మధ్య తిప్పి చూస్తే మూడు అంచులు తగులుతాయి, పేరు అందుకే. అరకులో వలిసె పూల కోసం నవంబరులో వెళ్లేవారికి ఈ ప్రయాణం తీరు కొంత తెలిసే ఉంటుంది. అక్కడిలాగే ఇక్కడా చూడబోయేది పార్కును కాదు, ఒకరి పంటను. ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ అడుగు వేయకూడదు అన్నవన్నీ ఆ పంటను బట్టే ఉంటాయి.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా వెళ్లొచ్చు. అందులో నవంబరు మొదటి రెండు వారాలు అన్నిటికన్నా నమ్మకమైనవి. ఆగస్టు చివర, సెప్టెంబరులో విత్తుతారు. విత్తిన నెలా పది రోజుల లోపే పూత మొదలై, సుమారు నెల ఉంటుంది. రెండున్నర, మూడు నెలలకు కోత. అన్ని చేలూ ఒకే రోజున విత్తరు కాబట్టి ఒక లోయలో పూత అయిపోయినా పక్క లోయలో అప్పుడే మొదలవుతుంది. సెప్టెంబరులో వెళ్తే వానలు, కొండచరియలు విరిగి దారులు మూసుకుపోవడం ఉంటాయి. డిసెంబరులో చలి, మంచు పొగ. పూలు అక్కడక్కడా మిగిలినా వాటి కోసమని ప్రయాణం పెట్టుకోవద్దు.

రంగు చూసి చేను వయసు చెప్పొచ్చు. కొత్త పూత తెలుపు. తర్వాత లేత గులాబీకి తిరుగుతుంది. గింజ పట్టి ముదిరేకొద్దీ ఎర్రటి ఊదా ఛాయ వస్తుంది. ఈ మొక్క ఒక్కసారిగా పూసి ఆగిపోదు. కింది కొమ్మల్లో గింజ ముదురుతుంటే పైన ఇంకా పూస్తూనే ఉంటుంది. అందుకే ఒకే చేలో మూడు రంగులూ కనిపిస్తాయి. ఫోటోల్లో కనిపించే ముదురు గులాబీ చేను కావాలంటే పూత మొదలైన మూడు, నాలుగు వారాల తర్వాత పట్టుకోవాలి. హోమ్‌స్టే బుక్ చేసేటప్పుడు "పూలు ఉన్నాయా" అని అడిగితే ఎప్పుడూ "ఉన్నాయి" అనే చెబుతారు. "ఈ వారం తీసిన ఫోటో పంపండి, చేను ఏ ఊళ్లోదో చెప్పండి" అని అడగండి.

2015 నుంచి అక్కడ ఏటా బక్‌వీట్ పూల పండుగ జరుపుతున్నారు. పండుగ రోజుల్లో, శని ఆదివారాల్లో హనోయ్ జనమంతా అక్కడే ఉంటారు, డోంగ్ వాన్ పట్టణంలో గదులు దొరకవు. సోమవారం బయలుదేరి గురువారానికి తిరిగొచ్చేలా పెట్టుకుంటే చేలు ప్రశాంతంగా ఉంటాయి. ఆదివారం సంత కూడా చూడాలనుకుంటే శనివారం రాత్రి గది ముందే ఖాయం చేసుకోండి.

హనోయ్ నుంచి దారి

భారతీయులు వియత్నాంకు ఈ-వీసా మీద వెళ్లొచ్చు. 90 రోజుల దాకా ఇస్తారు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు రాకపోకలకు 50. అధికారిక ప్రభుత్వ సైట్‌లోనే తీసుకోండి. వెతికితే ముందు కనబడేవి చాలావరకు దళారుల సైట్లే. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అచ్చం అలాగే నింపాలి. మనవాళ్లకు ఇంటిపేరు, అసలు పేరు తారుమారై తిప్పలు వచ్చేది ఇక్కడే.

హనోయ్‌లోని మీ దిన్ బస్ స్టేషన్ నుంచి హా జాంగ్ పట్టణానికి దాదాపు 300 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. రాత్రి స్లీపర్ ఎక్కితే తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే దింపేస్తుంది. ఆ వేళకు తలుపు తీసే బస ముందే మాట్లాడుకోకపోతే బస్టాండులో కూర్చోవాలి. బస్సెక్కేటప్పుడు చెప్పులు విప్పి, వాళ్లిచ్చే సంచిలో వేసుకోవాలి. ఆరడుగుల మనిషికి ఆ బెర్తులు చాలవు, వాళ్లు పగటి వ్యాన్ చూసుకోవడమే మేలు. ఇంకో సంగతి, 2025 జూలై నుంచి హా జాంగ్ రాష్ట్రాన్ని తుయెన్ క్వాంగ్‌లో కలిపేశారు. మ్యాప్‌లో, టికెట్ల మీద ఆ పేరు కనిపిస్తే తప్పు దారి పట్టామని కంగారు పడొద్దు.

హా జాంగ్ నుంచి పైకి 4సి నంబరు రహదారి ఎక్కుతుంది. క్వాన్ బా 45 కిలోమీటర్లు, యెన్ మిన్ 100, డోంగ్ వాన్ 150 దాకా. మన హైవే లెక్కలు ఇక్కడ పనికిరావు, గంటకు 30 కిలోమీటర్లు వేసుకోండి. మొదటి రాత్రి యెన్ మిన్‌లో, రెండో రాత్రి డోంగ్ వాన్‌లో లేదా లుంగ్ కూ దగ్గరి లోలో చాయ్ ఊళ్లో ఉండి, మూడో రోజు మా పీ లెంగ్ కనుమ దాటి మేవ్ వాక్ చేరి తిరుగుముఖం పట్టడం సరిపోయే పద్ధతి. నాలుగు రోజులుంటే ఇంకా నయం. రెండు రోజుల్లో చుట్టేస్తామంటే పూలు బండి మీద నుంచే చూడాలి.

బండి మీరు నడపకండి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన అంతర్జాతీయ లైసెన్సును. మన ఆర్టీఓ ఇచ్చేది 1949 జెనీవా ఒప్పందం కిందిది. అద్దె బండి ఇచ్చేవాళ్లు అడగరు, అడిగినా "ఏం కాదు" అంటారు. దారిలో పోలీసు ఆపితే జరిమానా కట్టాలి. అంతకన్నా పెద్ద చిక్కు, పడితే ప్రయాణ బీమా చెల్లదు. చెల్లుబాటయ్యే లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో ఆసుపత్రి ఖర్చు మొత్తం మన నెత్తిన పడుతుంది. అక్కడి మలుపుల్లో కంకర, ఎదురొచ్చే లారీలు, ఉన్నట్టుండి దిగే మంచు పొగ ఉంటాయి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్లు నడిపిన అనుభవం కూడా అక్కడ అక్కరకు రాదు.

దీనికి బదులు ఈజీ రైడర్ అనే పద్ధతి ఉంది, బండి స్థానికుడు నడుపుతాడు, మీరు వెనక కూర్చుంటారు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే కారు మాట్లాడుకోండి. డ్రైవర్ తోడుంటే ఇంకో లాభం ఉంది. ఈ వారం ఏ లోయలో పూత బాగుందో అతనికి తెలుస్తుంది. డబ్బు కట్టే ముందే "పూల చేల దగ్గర ఎక్కడంటే అక్కడ ఆపాలి" అని తేల్చుకోండి. గుంపుగా వెళ్లే టూర్లలో ఆగే చోట్లు ముందే ఖాయమై ఉంటాయి, అవి ఎప్పుడూ రద్దీగా ఉండేవే.

సరిహద్దు ప్రాంతం కాబట్టి పాస్‌పోర్ట్ ఒరిజినల్ వెంట ఉండాలి. సరిహద్దు ప్రాంతంలో తిరగడానికి పర్మిట్ కావాలా, దాన్ని ఎవరు తీయిస్తారు అన్నది బస వాళ్లతో ముందే మాట్లాడుకోండి. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి.

ఏ చేను

క్వాన్ బా, యెన్ మిన్ వైపు రోడ్డు పక్కన పెద్ద చేలు కనిపిస్తాయి. గేటు, గాలిమర, ఊయల, గుర్రం బొమ్మ పెట్టినవి ఫోటోల కోసం వేసినవే. త్వరగా చూసి బయటపడాలంటే అవి చాలు. ఊరూ పంటా కలిసి కనిపించేది ఫో కావ్, సుంగ్ లా, సా ఫిన్ వరుసలో. ఒక్కచోటే ఆగే వీలుంటే సుంగ్ లా ఎంచుకోండి. డోంగ్ వాన్‌కు ఇవతల సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రోడ్డు పైనుంచి లోయ మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది. కింద లుంగ్ కామ్ ఊళ్లో దిమ్మెస కొట్టిన మట్టి గోడల ఇళ్లు, సున్నం పెట్టకుండా పేర్చిన రాతి ప్రహరీలు, వాటి వెనకే చేలు. అందరూ పైన మలుపులో ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. కిందికి దిగి ఓ గంట నడిస్తేనే ఊరు తెలుస్తుంది.

కొండలు నిటారుగా ఉండటంతో లోయలోకి ఎండ ఆలస్యంగా దిగుతుంది, తొందరగా పోతుంది. ఉదయం ఎనిమిది నుంచి పది, సాయంత్రం మూడు నుంచి నాలుగున్నర మంచి వెలుతురు. నవంబరులో ఐదుంపావుకల్లా పొద్దుగూకుతుంది, ఆ తర్వాత కనుమ దారిలో ఉండొద్దు.

చేలోకి దిగడానికి మనిషికి 10,000 నుంచి 20,000 డాంగ్ అడుగుతారు. రూపాయికి సుమారు 300 డాంగ్ లెక్కన 35 నుంచి 70 రూపాయలు. బేరమాడకుండా ఇచ్చేయండి. గింజ అమ్మితే వచ్చేదానికి ఇది తోడు, తొక్కుడుకు పోయే మొక్కల నష్టం పూడేది కూడా ఇందులోనే. డబ్బు ఇచ్చాం కదా అని ఎక్కడ పడితే అక్కడ నడవకండి. బక్‌వీట్ కాడ లోపల బోలుగా ఉంటుంది, వేరు పైపైనే. ఒకసారి విరిగితే లేవదు. ముందే పడిన కాలిబాటలోనే నడిచి, గట్టు అంచున నిలబడి, కెమెరాను పూల ఎత్తుకు దించండి. మొక్క రెండు మూడడుగులే ఉంటుంది కాబట్టి కింది నుంచి తీస్తే చుట్టూ పూలే ఉన్నట్టు వస్తుంది. నడుమకు దిగాల్సిన పనే ఉండదు. చీర కుచ్చిళ్లు, చున్నీ కొసలు కాడలకు చిక్కుకుంటాయి, దోపుకోండి. ఈ పూలకు పరాగం మోసేది తేనెటీగలు. అవి వాలి ఉన్న చోట చేతులు ఊపకపోతే చాలు.

థామ్ మా కనుమ మలుపుల దగ్గర, చేల దగ్గర పిల్లలు వెదురు బుట్టల నిండా పూలు పెట్టుకుని ఫోటోకు నిలబడతారు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ డబ్బు కోసమే బడి మానేసేవాళ్లూ ఉంటారు. చాక్లెట్లు, నోట్లు పంచకండి. ఇవ్వాలనిపిస్తే పక్కనున్న పెద్దవాళ్ల దగ్గర ఒక పూల దండో, రొట్టో కొనండి. ఇంటి ముంగిట్లోకి వెళ్లే ముందు కేక వేసి, వాళ్లు తలూపాకే లోపలికి.

తిండి

పూల చేల దగ్గర బొగ్గుల మీద కాల్చి అమ్మే బక్‌వీట్ రొట్టె తప్పక తినండి. గింజను తిరగలిలో విసిరి, పిండి తడిపి, గుండ్రంగా ఒత్తి ఆవిరికి ఉడికించి, తర్వాత నిప్పుల మీద పెడతారు. బూడిద ఊదా రంగు, మెత్తన, కొంచెం తీపి. వేడి మీదే బాగుంటుంది, చల్లారితే రబ్బరు. బక్‌వీట్ కొందరికి తీవ్రమైన అలర్జీ తెప్పిస్తుంది. ఎప్పుడూ తినని వాళ్లు ముందు చిన్న ముక్క తిని ఆగి చూడండి, ఆస్తమా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

శాకాహారులకు మెన్ మెన్ దొరుకుతుంది. మొక్కజొన్న రవ్వను రెండుసార్లు ఆవిరి మీద ఉడికించి పొడిపొడిగా చేస్తారు, మన రవ్వ ఉప్మాకు తాలింపు లేనట్టు. పొడిగా ఉండి గొంతు పట్టుకుంటుంది కాబట్టి అక్కడివాళ్లు పులుసుతో తింటారు. మీరు పచ్చడి వెంట తీసుకెళితే పండగే. సంతలో రంగురంగుల జిగురు బియ్యం అన్నం కూడా ఉంటుంది. కూర వేపుళ్ల దగ్గరే జాగ్రత్త. ఆకుకూరే అయినా పంది కొవ్వులో వేయిస్తారు, చేప సాస్ చల్లుతారు. "తోయ్ అన్ చై" అంటే నేను శాకాహారిని అని అర్థం. పలకడంలో రాగం తప్పితే వాళ్లకు అర్థం కాదు. అందుకే మాంసం, చేప సాస్, పంది కొవ్వు వద్దని ఫోన్‌లో వియత్నామీస్‌లో రాయించుకుని చూపించండి. థాంగ్ కో అనేది గుర్రం లేదా పశువుల పేగులు, లోపలి భాగాలతో చేసే పులుసు. పేరు గుర్తుంచుకుంటే తెలియక ఆర్డరు ఇవ్వరు. హోమ్‌స్టేలో రాత్రి భోజనం అందరూ కలిసి తింటారు, మొక్కజొన్న సారా గ్లాసుల్లో తిరుగుతుంది. వద్దంటే ఎవరూ నొచ్చుకోరు, గ్లాసు బోర్లిస్తే సరి.

డోంగ్ వాన్, మేవ్ వాక్‌లలో పెద్ద సంత ఆదివారం, తెల్లవారి ఆరు నుంచే మొదలై మధ్యాహ్నానికి పలచబడుతుంది. సా ఫిన్ లాంటి ఊళ్ల సంత మాత్రం ఆరు రోజులకోసారి వస్తుంది. వారానికి ఏడు రోజులు కదా, అందుకని ఈసారి ఆదివారమైతే వచ్చేసారి శనివారం, ఆపైన శుక్రవారం. క్యాలెండరులో వారం చూసి బయలుదేరితే ఖాళీ మైదానం కనిపిస్తుంది. ముందు రోజు రాత్రి బస వాళ్లను అడగడమే దారి.

సంచిలో

నవంబరు రాత్రుల్లో పది డిగ్రీల దాకా దిగుతుంది, బండి మీద గాలికి ఇంకా చలి. ఒక మందపాటి జాకెట్టుకన్నా పొరలు పొరలుగా వేసుకునేవి నయం, పైన గాలి ఆపే కోటు, చేతికి గ్లవ్స్. పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి, తడిసిన సున్నపురాయి నున్నగా జారుతుంది. మలుపులకు కడుపులో తిప్పే వాళ్లు బయలుదేరే అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకోవాలి. మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచేయదు. కొండల్లో వియెట్టెల్ కంపెనీ సిమ్‌కు సిగ్నల్ బాగా అందుతుంది.

పట్టణాల్లో ఏటీఎంలు ఉన్నాయి, చేల దగ్గర నగదే. హా జాంగ్‌లోనే పది, ఇరవై వేల నోట్లు విడిపించి పెట్టుకోండి. ఇరవై వేలదీ, ఐదు లక్షలదీ రెండూ నీలం నోట్లే. మసక వెలుతురులో ఒకదానికి ఒకటి ఇచ్చేస్తే 20,000 రుసుముకు 5,00,000 పోతుంది. ఐదు లక్షలవి వేరే జేబులో పెట్టండి.