ట్యాంక్ ఆడాలంటే జంకు ఎందుకు? మొదలుపెట్టడం ఎలా?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో డంజన్‌కి (జట్టుగా శత్రువుల్ని కొట్టుకుంటూ వెళ్లే చోటు) ఐదుగురు కావాలి: దెబ్బలు తన మీదకి తిప్పుకునే ఒక ట్యాంక్, ప్రాణం నింపే ఒక హీలర్, శత్రువుల్ని కొట్టే ముగ్గురు డీపీఎస్. డీపీఎస్‌గా క్యూలో చేరితే ఎదురుచూస్తూ కూర్చోవాలి. ట్యాంక్‌కైతే చాలాసార్లు వెంటనే పిలుపొస్తుంది. ఈ కొరత ఇప్పటిది కాదు. 2011లో 4.1 ప్యాచ్‌తో (గేమ్ అప్‌డేట్) గేమ్ తయారుచేసే బ్లిజార్డ్ 'కాల్ టు ఆర్మ్స్' తెచ్చి, ఆ సమయానికి తక్కువగా ఉన్న రోల్‌లో వచ్చినవాళ్లకి అదనపు బహుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా కొరత తీరలేదు. కొంత కారణం లెక్కలోనే ఉంది: 20 మంది కలిసి ఆడే అతి కష్టమైన మిథిక్ రెయిడ్‌కి మామూలుగా ఇద్దరు ట్యాంకులు చాలు. అదే 20 మంది నాలుగు డంజన్ గ్రూపులుగా విడిపోతే నలుగురు కావాలి.

మిగతాది భయం. డీపీఎస్ తప్పు చేస్తే కొట్టిన దెబ్బల్ని లెక్కపెట్టే మీటర్‌లో అంకె తగ్గుతుంది, అంతే. ట్యాంక్ పడిపోతే దాదాపుగా గ్రూపంతా పోతుంది. దారి చూపాల్సింది కూడా ట్యాంకే. మా అభిప్రాయంలో చాలామందిని ఆపేది బటన్లు కావు, ఎటు వెళ్లాలో తెలియక అందరి ముందూ ఆగిపోతామన్న బెరుకు. కాబట్టి ముందు దారి నేర్చుకోండి. 2024 జనవరిలో 10.2.5 ప్యాచ్‌తో వచ్చిన ఫాలోవర్ డంజన్లు ఇందుకు సరిగ్గా పనికొస్తాయి. తోడుగా వచ్చే నలుగురూ కంప్యూటర్ నడిపే పాత్రలే, తిట్టేవాళ్లుండరు. ఒకే డంజన్‌ని మ్యాప్ చూడకుండా చివరిదాకా వెళ్లగలిగేంత వరకు తిరగండి. ఆ తర్వాతే మనుషులతో క్యూలోకి వెళ్లండి.

ఇక పుల్, అంటే శత్రువుల గుంపుని రెచ్చగొట్టి పోరాటం మొదలుపెట్టడం. డాలుతో ఆడే ట్యాంక్ ప్రొటెక్షన్ వారియర్‌నే తీసుకుందాం. కొత్తవాళ్లు ఎక్కువగా చచ్చేది మొదటి కొన్ని సెకన్లలోనే. అప్పటికి శత్రువులంతా బతికే ఉంటారు, మీ రేజ్ (బటన్లు నొక్కడానికి ఖర్చయ్యే శక్తి) మాత్రం దాదాపు ఖాళీ. దెబ్బల్ని డాలుతో ఆపే షీల్డ్ బ్లాక్‌కి 30 రేజ్ కావాలి, శత్రువు మీదకి దూసుకెళ్లే చార్జ్‌తో వచ్చేది 20. అందుకే చార్జ్ చేసి, వెంటనే థండర్ క్లాప్‌తో గుంపంతటినీ మీవైపు తిప్పుకుని, రేజ్ పెంచే షీల్డ్ స్లామ్ కొట్టండి. రేజ్ 30 దాటగానే షీల్డ్ బ్లాక్ నొక్కండి. మీరు చార్జ్ చేయకముందే డీపీఎస్ కొట్టడం మొదలుపెడితే అగ్రో (శత్రువుల గురి) వాళ్ల మీదకి పోతుంది. అది మీ తప్పు కాదు, కానీ సరిచేయాల్సింది మీరే. తప్పించుకుపోయింది ఒక్కటైతే, దాన్ని మీవైపు తిప్పే టాంట్ చాలు. మూడు నాలుగైతే ఒకదాన్ని టాంట్ చేసి, మిగతావాటి మధ్యకి వెళ్లి థండర్ క్లాప్ కొట్టండి. టాంట్ మళ్లీ రావడానికి 8 సెకన్లు పడుతుంది, తొందరపడి వృథా చేయకండి.

వీపు చూపించడం ఇంకో పెద్ద తప్పు. వెనక నుంచి పడే దెబ్బని డాలు ఆపదు, ప్యారీ (ఆయుధంతో దెబ్బని అడ్డుకోవడం) కూడా ఉండదు. గుంపుని జరపాలంటే వెనక్కి తిరిగి పరుగెత్తకుండా, ముఖం వాటివైపే ఉంచి పక్కకి నడవండి. వెనకడుగు బటన్ నొక్కితే వేగం బాగా తగ్గిపోతుంది.

శత్రువుల్లో మంత్రాలు వేసేవాళ్లు దగ్గరికి రారు, దూరంగా నిలబడే వేస్తారు. అలాంటివాళ్లున్న గుంపుని దూరం నుంచి ఆయుధం విసిరే హీరోయిక్ త్రోతో రెచ్చగొట్టి గోడ చాటుకో స్తంభం చాటుకో తప్పుకోండి. మీరు కనబడక వాళ్లే నడుచుకుంటూ వస్తారు. చాటుకి వెళ్లేలోపు ఎవరూ కొట్టకూడదని ముందే చాట్‌లో చెప్పండి, లేకపోతే ఆ శత్రువులు అక్కడే నిలబడిపోతారు.

పెద్ద కూల్‌డౌన్లు (ఒకసారి వాడితే చాలాసేపటిదాకా మళ్లీ రాని రక్షణలు) రెండూ ఒకేసారి వాడేయకండి. షీల్డ్ వాల్ 8 సెకన్లపాటు దెబ్బని 40 శాతం తగ్గిస్తుంది. లాస్ట్ స్టాండ్ ప్రాణాన్ని పెంచుతుంది. పెద్ద పుల్‌కి ఒకటి, అదీ హెల్త్ సగానికి పడకముందే. యూరప్ సర్వర్ల మీద హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడేవాళ్లకి పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) ఎక్కువ కాబట్టి, ఆఖరి క్షణంలో నొక్కితే అందదు. శత్రువు మంత్రాన్ని మధ్యలో ఆపే పమ్మెల్ కూడా అంతే, మంత్రం ఎంత పూర్తయిందో చూపే కాస్ట్ బార్ సగానికి రాకముందే నొక్కండి.

తర్వాతి గుంపు దగ్గరికి కదిలే ముందు హీలర్ మానా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) చూడండి. హీలర్ మానా నింపుకోవడానికి కూర్చుని నీళ్లు తాగుతుంటే ఆగండి.

చనిపోతే వెంటనే డెత్ రీక్యాప్ (మీకు తగిలిన చివరి దెబ్బల జాబితా) తెరవండి. చివరి దెబ్బలన్నీ మామూలు మెలీ (దగ్గర నుంచి ఆయుధంతో కొట్టేవి) అయితే షీల్డ్ బ్లాక్‌ల మధ్య ఖాళీ వచ్చిందన్నమాట. మంత్రాల దెబ్బలైతే డాలు వాటిని ఆపలేదు, చాలాసార్లు ఇంటరప్ట్ (మంత్రాన్ని మధ్యలో ఆపడం) తప్పిపోయిందన్నమాట. ఏ మంత్రం మీ ప్రాణం తీసిందో పేరు చూసి పెట్టుకుని, తర్వాతి పుల్‌కి ముందు దాన్ని ఎవరు ఆపాలో చాట్‌లో రాయండి.