పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా సిపాయి బతుకు – 4వ పాఠం: చెకుముకి నిప్పు, ఆరుగురి కేటిల్

ఆ కాలపు సిపాయి బతుకును వేషం, వంటతో సహా మళ్లీ బతికి చూడటమే ఈ పాఠాల పని. పోయిన పాఠంలో సిపాయి చొక్కా కుట్టాం. లినన్ దొరకనివాళ్లు నూలు గుడ్డతో కుట్టినా పర్లేదు, చేతికుట్టు అలవాటు కావడమే అక్కడ ముఖ్యం. కత్తిరించగా మిగిలిన పీలికలు దాచమన్నాను కదా, ఈ వారం వాటితో పని ఉంది. ఈ పాఠం చివరికి మీరు అగ్గిపెట్టె ముట్టకుండా నిప్పు పుట్టించి, దాని మీద కేటిల్‌లో, అంటే సిపాయిల రేకు వంటగిన్నెలో, ఆరుగురికి వండగలగాలి.

మస్కట్ (ఆ కాలపు పొడవాటి తుపాకీ) ఎప్పుడు, కవాతు ఎప్పుడు అని చాలామంది అడుగుతున్నారు. అవీ వస్తాయి. కానీ 1777లో కాంటినెంటల్ సైన్యంలో, అంటే బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికా వలసల సైన్యంలో, చేరిన మనిషి ఏడాదిలో తుపాకీ పేల్చిన రోజులు కొద్ది. కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం, వండుకోవడం, కాపలా కాయడం మాత్రం రోజూ ఉండేవి. ఆ కాలాన్ని మళ్లీ బతికి చూడాలంటే మొదలుపెట్టాల్సింది పొయ్యి దగ్గరే అని నేను గట్టిగా నమ్ముతాను. కోటు, టోపీ ఎంత సరిగ్గా ఉన్నా, మధ్యాహ్నం అందరూ కారు డిక్కీ తీసి శాండ్‌విచ్‌లు తింటే ఆ శిబిరంలో ప్రాణం ఉండదు.

నిప్పు

చెకుముకి మనకు కొత్తదేం కాదు. అగ్గిపెట్టె రాకముందు మన పల్లెల్లోనూ చెకుముకి రాయి, ఉక్కు ముక్క, దూది పెట్టుకుని చుట్ట ముట్టించుకునేవాళ్లు. గీస్తే మండే అగ్గిపుల్ల ఇంగ్లండులో అమ్మకానికి వచ్చింది 1827లో. 1775 నుంచి 1783 దాకా సాగిన అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సిపాయిలు కొత్తగా నిప్పు పుట్టించాలంటే చెకుముకే దిక్కు.

ముందు ఉక్కు సంగతి. స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరాదు, మెత్తటి ఇనుమూ పనికిరాదు. కర్బనం ఎక్కువున్న గట్టి ఉక్కు కావాలి. పాత ఆకురాయి ముక్క దొరికితే దాని పళ్లు అరగదీసి, ఒక అంచు నున్నగా చేసుకోండి, అంతకంటే మంచిది అక్కర్లేదు. ఉక్కు విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, రవ్వ రాయిలోంచి రాదు. పదునైన రాతి అంచు ఉక్కును సన్నగా చెక్కుతుంది. ఆ చెక్కు వేడెక్కి గాలి తగలగానే మండుతుంది. మనం చూసే రవ్వ అదే. అందుకే రాయి ఎంత పెద్దదన్నది కాదు, అంచు ఎంత పదునుగా ఉందన్నదే లెక్క. అప్పటి తుపాకుల్లో నల్లగా ఉండే ఇంగ్లీషు ఫ్లింటూ (చెకుముకి రాయి), తేనెరంగు ఫ్రెంచి ఫ్లింటూ రెండూ వాడారు. ఫ్లింట్ దొరక్కపోతే పదునుగా పగిలిన పలుగురాయితో సాధన చేయొచ్చు.

ఇక మాడ్చిన గుడ్డ. రవ్వ పడగానే పట్టుకునేది ఇదే, చాలామంది విసిగిపోయేదీ ఇక్కడే. చొక్కా పీలికలను రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించండి. లినన్ గానీ, కలపని నూలు గానీ ఉండాలి. పాత పంచె భేషుగ్గా పనికొస్తుంది. పాలిస్టర్ దారం ఒక్కటి కలిసినా కరిగి ముద్దవుతుంది. మూత గట్టిగా పట్టే చిన్న రేకు డబ్బా తీసుకుని, మూతకు మేకుతో సన్నటి రంధ్రం చేసి, ముక్కల్ని వదులుగా నింపి నిప్పుల మీద పెట్టండి. ఈ పని ఆరుబయటే చేయాలి. రంధ్రంలోంచి తెల్లటి పొగ వస్తుంది. పొగ ఆగాక డబ్బా తీసి, పూర్తిగా చల్లారేదాకా మూత తెరవకండి. వేడిగా ఉన్నప్పుడు తెరిస్తే గాలి తగిలి లోపలున్నదంతా కాలిపోతుంది. గుడ్డ నల్లగా ఉండి, పట్టుకుంటే నిలవాలి. గోధుమరంగులో ఉంటే ఇంకా మాడాలి. ముట్టుకోగానే పొడైపోతే ఎక్కువ మాడింది.

కొట్టే పద్ధతి: ఎడమచేతిలో రాయి, పదునైన అంచు బయటికి. మాడ్చిన గుడ్డను రాయి పైన, అంచుకు దగ్గరగా పెట్టి బొటనవేలితో నొక్కి పట్టండి. కుడిచేత్తో ఉక్కును పైనుంచి కిందికి, అంచును గీరుతున్నట్టు ఏటవాలుగా దెబ్బ వేయండి. బలం కంటే కోణం ముఖ్యం. సూటిగా మోదితే రాయి చిట్లుతుంది, వేలూ తెగుతుంది. రాతి చెక్కలు ఎగురుతాయి కాబట్టి కళ్లను కాపాడే సేఫ్టీ అద్దాలు తప్పనిసరి. ఆ కాలంలో లేవు కదా అనే వాదన ఇక్కడ చెల్లదు. రవ్వ గుడ్డను పట్టుకుంటే ఎర్రటి చుక్క ఒకటి మెల్లగా చుట్టూ పాకుతుంది. మంట కనిపించదు, కంగారు పడకండి. చుక్క పాకుతోందంటే నిప్పు మీ చేతికి వచ్చినట్టే.

జనపనార తాడును పేడులు విప్పి, మెత్తగా నలిపి, పిట్టగూడులా చేయండి. అప్పటివాళ్లు అవిసె నార చిక్కు తీయగా మిగిలిన పీచు వాడేవాళ్లు. గుడ్డను మధ్యలో పెట్టి, గూడు మూసి, ముఖానికి దూరంగా, కొంచెం పైకెత్తి పట్టుకుని కింద నుంచి ఊదండి. పొగ చిక్కబడి, పసుపు పచ్చగా మారి, ఒక్కసారిగా మంట లేస్తుంది. అప్పటికి చితుకులు పేర్చి సిద్ధంగా ఉండాలి. మంట లేచాక పుల్లల కోసం వెతుక్కుంటే ఆరిపోతుంది.

అయితే అప్పటివాళ్లు రోజూ చెకుముకి కొట్టేవాళ్లు కాదు. ఇళ్లలో రాత్రి నిప్పుల్ని బూడిదతో కప్పి, పొద్దున నివురు ఊది మళ్లీ రాజేసేవాళ్లు. పూర్తిగా ఆరిపోతే పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకునేవాళ్లు. శిబిరంలో పక్క పొయ్యి ఎలాగూ ఉంటుంది. కాబట్టి నిప్పు కప్పిపెట్టడమూ నేర్చుకోండి. ఓక్, హికరీ లాంటి గట్టి కట్టె అయితేనే పొద్దుటిదాకా నిప్పు నిలుస్తుంది.

పొయ్యి దగ్గర బట్టల విషయంలో ఒక హెచ్చరిక. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు. చున్నీ, పాలిస్టర్ చీర, నైలాన్ జాకెట్ మాత్రం పొయ్యి దరిదాపులకు రాకూడదు. బకెట్ నిండా నీళ్లు పక్కన లేకుండా రాయి ముట్టవద్దు.

కాగితం మీద రేషన్, కేటిల్లో రేషన్

1775 నవంబరు 4న కాంటినెంటల్ కాంగ్రెస్ (ఆ వలసల ప్రతినిధుల సభ) సిపాయి రేషన్ ఖాయం చేసింది. మనిషికి రోజుకు ఒక పౌను గొడ్డుమాంసం, లేదా ముప్పావు పౌను పందిమాంసం, లేదా ఒక పౌను ఉప్పుచేప. దాంతోపాటు ఒక పౌను రొట్టె లేదా పిండి, ఒక పింటు పాలు, ఒక క్వార్టు స్ప్రూస్ బీరు (స్ప్రూస్ చెట్టు చిగుళ్లతో కాచేది) లేదా సైడరు (ఆపిల్ రసంతో చేసేది). వారానికి మూడు పింట్ల బఠాణీలో చిక్కుళ్లో, అర పింటు బియ్యం లేదా ఒక పింటు మొక్కజొన్న పిండి. పౌను అంటే సుమారు 454 గ్రాములు, పింటు అంటే సుమారు అర లీటరు, క్వార్టు అంటే సుమారు లీటరు. అర పింటు బియ్యం మన గ్లాసుతో ఒక గ్లాసు దాకా వస్తుంది, అదీ వారం మొత్తానికి.

చాలామంది ఈ పట్టిక చూసి అచ్చం ఇలాగే వండేసి, సిపాయి ఇలా తిన్నాడని చూపిస్తారు. నాకు నచ్చని విషయం ఇదే. ఈ పట్టిక ఇస్తామని చెప్పిన మాట మాత్రమే. బళ్లు సమయానికి రాక, దారులు బురదలో కూరుకుపోయి, సరఫరా శాఖ పని కుంటుపడి, కేటిల్లోకి చేరింది వేరు. 1777 డిసెంబరు 23న పెన్సిల్వేనియాలోని చలికాలపు శిబిరం వ్యాలీ ఫోర్జ్ నుంచి సేనాధిపతి వాషింగ్టన్ కాంగ్రెస్‌కు రాసిన ఉత్తరంలో, ఈ పరిస్థితి మారకపోతే సైన్యం ఆకలితో చావడమో, కరిగిపోవడమో, చెల్లాచెదురు కావడమో తప్పదన్నాడు. చెప్పులు, బట్టలు లేక పనికి రాలేని వాళ్లు 2,898 మంది అని లెక్క కూడా ఇచ్చాడు. దానికి అయిదు రోజుల ముందు, 18న, కృతజ్ఞతా దినం. ఆ రోజు విందు అంటూ తనకు దక్కింది పావు కప్పు బియ్యం, ఒక చెంచా వెనిగర్ అని జోసెఫ్ ప్లంబ్ మార్టిన్ అనే సిపాయి తర్వాత రాసుకున్నాడు. 1780 జనవరిలో న్యూజెర్సీలోని శిబిరమైన మోరిస్‌టౌన్ మంచులో నాలుగు రోజులు బర్చ్ చెట్టు బెరడు తప్ప ఏమీ తినలేదని చెప్పిందీ అతనే.

కాబట్టి వండే ముందు మీ నోటుబుక్కులో మూడు సంగతులు రాయండి: ఏ ఊరు, ఏ నెల, ఏ రెజిమెంటు. "పద్దెనిమిదో శతాబ్దం" అన్నది వండటానికి చాలదు. న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువాళ్లకు మోరిస్‌టౌన్, ఫిలడెల్ఫియా వైపు వాళ్లకు వ్యాలీ ఫోర్జ్ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే దూరమే. ఆ గుట్టల మీద మళ్లీ కట్టిన గుడిసెలు ఒకసారి చూసి రండి. 14 అడుగులకు 16 అడుగుల గుడిసెలో పన్నెండు మంది ఉండాలని వ్యాలీ ఫోర్జ్‌లో ఆజ్ఞ. ఆ కొలత నేల మీద ముగ్గుతో గీసి, పన్నెండు మందిని అందులో నిలబెడితే జబ్బులు ఎందుకు అంతగా పాకాయో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మెస్ వంట

ఒక కేటిల్ పంచుకునే అయిదారుగురిని మెస్ అంటారు. మనం ఆరుగురనుకుందాం. కేటిల్ అంటే రేకుతో చేసిన తేలికైన గిన్నె, పైన కమ్మీ ఉంటుంది. దాన్ని భుజాన మోసుకుని రోజుకు ఎన్నో మైళ్లు నడవాలి. అందుకే పోత ఇనుముతో చేసిన బరువైన కుండలు, మూడుకాళ్ల స్టాండ్లు శిబిరంలో కనిపిస్తే నాకు బాధేస్తుంది. అవి ఇళ్ల వంటగదుల సామాను. మచ్చల నీలం ఎనామిల్ కప్పులైతే తర్వాతి శతాబ్దానివి. ఒక చోట కొన్నాళ్లు ఉండాల్సి వస్తే గుండ్రంగా కందకం తవ్వి, ఆ మట్టిలో పొయ్యి గూళ్లు తొలిచి, మెస్‌కు ఒక గూడు ఇచ్చేవాళ్లు. కట్టెలు చాలా ఆదా అవుతాయి. పార్కుల్లో మాత్రం తవ్వడానికి అనుమతి ఉండదు, మీ పెరట్లోనో, తెలిసినవాళ్ల పొలంలోనో ప్రయత్నించండి.

ఈ వారానికి ఉప్పుకండ, బఠాణీ వండుదాం. 1776 ఎండాకాలం, న్యూయార్క్ శిబిరం అనుకోండి. ఆరుగురికి నాలుగున్నర పౌన్ల ఉప్పు పందిమాంసం. అది రేషన్ లెక్క, మీకు అందులో సగం చాలు. ముందు రోజు రాత్రి నీళ్లలో నానేసి, పొద్దున నీళ్లు మార్చండి. లేకపోతే ఉప్పు కటకటలాడుతుంది. ఎండు బఠాణీలూ రాత్రే నానాలి. రెండూ కేటిల్లో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, రెండు మూడు గంటలు సన్న సెగ మీద ఉడకనివ్వండి. మంట మీద కాదు, నిప్పుల మీద. చివర్లో కొంచెం పిండి కలిపితే చిక్కబడుతుంది. మాంసం వేపకుండా ఉడికించాలని అప్పటి అధికారులు పదేపదే చెప్పేవాళ్లు. ఉడికిస్తే రసం వృథా కాదు, ఆరోగ్యానికీ మంచిదని వాళ్ల నమ్మకం. శాకాహారులు బఠాణీ, చిక్కుళ్లతోనే వండండి. మాంసం బండి రాని రోజులు కోకొల్లలు కాబట్టి చరిత్రకు అన్యాయం జరగదు. టమాటా, పచ్చిమిర్చి వేయాలని చేయి లాగుతుంది. వద్దు. ఆ చప్పదనం కూడా పాఠంలో భాగమే.

రొట్టెకు బదులు పిండి ఇచ్చిన రోజు ఫైర్‌కేక్ చేసుకునేవాళ్లు. పిండి, నీళ్లు, ఉంటే చిటికెడు ఉప్పు, అంతే. మైదా కంటే మన చపాతీ పిండి దగ్గరగా ఉంటుంది. గట్టిగా కలిపి, అరచేయంత, వేలి మందాన తట్టి, పొడి బండరాయి మీద పెట్టి నిప్పులకు ఎదురుగా ఏటవాలుగా నిలబెట్టండి. రెండు వైపులా కాలాలి. ఏటిలోంచి తెచ్చిన తడి రాళ్లు వాడితే వేడికి పేలతాయి, జాగ్రత్త. పైన మాడి, లోపల పచ్చిగా ఉండటం మామూలే, మందం తగ్గించి చూడండి. సరైన రొట్టె కోసం ప్రయత్నాలూ జరిగాయి, 1777 మేలో కాంగ్రెస్ ఫిలడెల్ఫియాలో బేకరీ నడిపే జర్మన్ సంతతి క్రిస్టఫర్ లుడ్విక్‌ను సైన్యపు రొట్టెల పనికి అధిపతిగా పెట్టింది.

ఆడవాళ్లు ఏ వేషం వేయాలని అడుగుతుంటారు. వ్యాలీ ఫోర్జ్‌లో సుమారు 400 మంది స్త్రీలు ఉన్నారు. బట్టలుతకడం, జబ్బుపడ్డవాళ్లను చూసుకోవడం వాళ్ల ప్రధాన పని. మెస్ వంట ఎక్కువగా సిపాయిలదే. కాబట్టి ఆడవాళ్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి మగవాళ్లు తుపాకీ తుడుచుకుంటూ ఉంటే అది తప్పు చిత్రం. అధికారుల వంట సంగతి వేరు. వాషింగ్టన్ వంటశాలలో పనిచేసినవాళ్లలో హన్నా టిల్ అనే నల్లజాతి బానిస స్త్రీ ఉంది. ఆ రేషన్ బియ్యం కూడా దక్షిణ కరోలినా మాగాణుల్లో బానిసలు నాటి, కోసి, దంచినవే. బియ్యం గింజ వండి చూపించే రోజు చూసేవాళ్లకు ఈ సంగతి చెప్పకుండా ఊరుకోకండి.

ఈ వారం చేయాల్సింది: రెండుసార్లు వండండి. ఒకసారి రేషన్ ప్రకారం, ఇంకోసారి 1777 డిసెంబరులా పిండి, నీళ్లతో. మొదటి రవ్వ నుంచి మంట లేచేదాకా పట్టిన సమయం, కాలిన కట్టెలు, మోసిన బిందెలు రాసి పెట్టండి. గిన్నె కడిగే పని లాటరీ వేసి ఒకరికి ఇవ్వండి. పొయ్యి చల్లారాక ఓక్ బూడిద జల్లించి మూత ఉన్న రేకు డబ్బాలో పొడిగా దాచండి, పైన్ బూడిద అందులో కలవనివ్వకండి. రేషన్ తీర్మానంలో వంద మందికి వారానికి 24 పౌన్ల మెత్తసబ్బు కూడా ఉంది. దాన్ని ఈ బూడిదతో, పంది కొవ్వుతో కాయడం 5వ పాఠం. కొవ్వు వాడనివాళ్లు కొబ్బరినూనె తెచ్చుకోండి.